వాయిదాలపై బొమ్మల బేరము

బొమ్మలకొలువు పెట్టు ఇండ్లలో ఏటేట ఒక క్రొత్త బొమ్మయైనను చేర్చవలెనను ఆచారము కలదు. కోస్తా జిల్లాలలో సంక్రాంతికిని, రాయలసీమలోను తమిళనాటి తెలుగువారి ఇండ్లలోను దసరాకును కొలువు తీర్చుట వాడుక. పండుగ ఏదైనను నియమ మొక్కటే. దీనిని మనము వేడుకగా ఎంచుచుందుము గాని, ఇందులో గృహస్థుని లెక్క కూడ దాగియున్నది. దశావతారముల జట్టును ఒక్కసారిగా కొనలేని ఇల్లాలు ఈ యేడు మత్స్యమును, మరుసటి యేడు కూర్మమును కొని, పదవ యేట కల్కిని చేరుకొనును. అత్తగారు ఆరంభించిన జట్టును కోడలు పూర్తిచేయుటయు కలదు. వెల మొత్తము ఒక్కసారి ఈయలేని వారు కొంచెము కొంచెముగా ఇచ్చి మంచి వస్తువును ఇంటికి తెచ్చుకొను పద్ధతి మనకు పరాయిది కాదు.

ఐతే ఇచ్చట వాయిదా కొనువారి మనస్సులో మాత్రమే ఉన్నది. అమ్మువానికి ఏటికొక బొమ్మ వెల రొక్కముగా ముట్టుచున్నది. జట్టు పూర్తియగునో కాదో వానికి పట్టదు. అమ్మువాడే ముందుకు వచ్చి, "అమ్మగారూ, జట్టంతయు మీకొరకే చేసెదను, వెల నెలనెలా ఈయుడు" అన్నచో సంగతి మారిపోవును. నమ్మకము, గడువు, నష్టభయము, చట్టము అన్నియు ఆ ఒక్క మాటతో బేరములోనికి ప్రవేశించును. చేతిబొమ్మలను చేయువారికిని, కొనువారికిని ఉపయోగపడునట్లు ఆ సంగతులను కొంత విపులముగా చెప్పదలచితిమి.

వస్తువును వాయిదాలపై అమ్ముట పెద్ద వ్యాపారములకు పాత విద్యయే. అమెరికాలో సింగర్ కంపెనీవారు 1856లోనే కుట్టుమిషనులను ఈ పద్ధతిని అమ్మజొచ్చిరి. వస్తువును ముందు ఇంటికి పంపి, పైకమును పిదప రాబట్టుకొనుట వారి మార్గము. దీనికి తలక్రిందుగా మరియొకటి కలదు. వస్తువును అంగడిలోనే ఎత్తిపెట్టి, పైకము పూర్తియైన దినమున అప్పగింతురు. 1930 తరువాతి ఆర్థికమాంద్యపు రోజులలో ఇది అమెరికా అంగళ్లలో బాగుగ వ్యాపించినది. క్రెడిట్ కార్డులు వచ్చిన పిమ్మట క్రమముగా తగ్గి, వాల్‌మార్ట్ వంటి మహాసంస్థ 2021లో దీనిని దాదాపుగా మానుకొన్నది. కాని చేతిబొమ్మలను చేయు చిన్నపనివారిలో మాత్రము ఇది నిలిచియున్నది. జపానులో 1999లో వోక్స్ సంస్థవారు వెలువరించిన కీళ్లబొమ్మల మూలమున పెద్ద వెలకు బొమ్మలు కొని దాచుకొను అభిరుచి దేశదేశముల పెరిగినది; అట్టి బొమ్మలను అమ్మువారు పలువురు ఎత్తిపెట్టు వాయిదాలనే నేటికిని పాటించుచున్నారు. బొమ్మ నిత్యావసరము కాదు. మూడు నెలలు ఆలస్యముగా ఇల్లు చేరినను ఎవరికిని లోటు లేదు. కనుక ముందు పైకము, పిదప బొమ్మ అను క్రమము ఈ వస్తువునకు సహజముగా అమరినది.

మన దేశపు బొమ్మలలో కొండపల్లివానిని ఉదాహరణముగా తీసికొందము. విజయవాడకు చేరువనున్న ఆ యూరి బొమ్మలు తెల్లపొణికి కఱ్ఱతో చేయబడును. ఆ కఱ్ఱ మిక్కిలి తేలిక, మెత్తన. దానిని ఆరబెట్టి, సన్నని సెగపై కాచి, లోని తడిని పోగొట్టినగాని ఉలికి లొంగదు. లొంగినను తరువాత పగులును. మొండెము వేరుగ, చేతులు కాళ్లు వేరుగ చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతికింతురు. ఆ మక్కుతోనే కనుబొమలు, కొప్పులు, నగలు ఉబ్బెత్తుగా దిద్దుదురు. ఆరిన పిమ్మట నునుపుచేసి, సున్నపుపూత పూసి, మేకవెండ్రుకల కుంచెతో రంగులు వేయుదురు. ఒక మెట్టు ఆరనిదే మరియొక మెట్టు సాగదు. వానకాలములో ఒక్కొక్క మెట్టు మరింత సాగును. అంబారీ ఏనుగు గాని, దశావతారముల జట్టు గాని పూర్తియగులోపల ఒక కుటుంబము వారాల తరబడి తినవలెను, కఱ్ఱకును రంగులకును రొక్కము చెల్లింపవలెను.

ఆ రొక్కము ఎచ్చటనుండి వచ్చును? అసలు ప్రశ్న ఇదియే. చేతిపనివారిలో చాలమందికి అది వర్తకుని చేతినుండియే వచ్చుచున్నది. వర్తకుడు పని లేని నెలలలో కొంత పైకము ముందుగా ఇచ్చును. పండుగకు ముందు సరకు తీసికొనునపుడు వెలను నిర్ణయించువాడు కూడ అతడే. బయట ఎంత గిరాకి ఉన్నను అప్పుపడిన పనివాడు బేరమాడలేడు. వర్తకులను దూషించుట మా ఉద్దేశము కాదు. వారు లేనిచో కొందరిండ్ల పొయ్యియే వెలుగకపోవును. కాని కొనువారే నేరుగ ముందుపైకము ఇచ్చి, మిగిలినది నెలనెలా చెల్లించునట్లు ఏర్పాటైనచో, వర్తకుని అప్పు చేయు పనిని ఆ వాయిదాలే చేయును. వడ్డీ ఉండదు, వెల తగ్గింపు ఉండదు. వాయిదాల పద్ధతిని కొనువారికి చేయు ఉపకారముగా తలచుట వాడుక గాని, సరిగా నడపినచో అధిక లాభము పొందువాడు చేయువాడే అని మా అభిప్రాయము.

సర్కారు ఋణములు కూడ కలవు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని పదునెనిమిది వృత్తులలో సంప్రదాయ బొమ్మల పని ఒకటి. దాని క్రింద మొదట లక్ష రూపాయలును, అది తీర్చిన పిమ్మట రెండు లక్షలును అయిదు శాతము వడ్డీకి ఇచ్చునట్లు నిర్ణయించిరి. పనిముట్లకు, కొట్టుకు, కఱ్ఱ నిలువకు అది తగినదే. ఒక్కొక్క బొమ్మకై అప్పు చేయుట మాత్రము తగదు. బొమ్మ అమ్ముడుపోవునో పోదో తెలియక మునుపే వడ్డీ నడచుచుండును. కొనువారి ముందుపైకములో ఆ చిక్కు లేదు. ఏలయన బొమ్మ అప్పటికే ఒకరిదిగా కుదిరినది.

ఇక పద్ధతికి వత్తము. లెక్క కొరకు ఒక జట్టు వెల 12,000 రూపాయలని అనుకొందము. అందులో కఱ్ఱకు, రంగులకు, పెట్టెకు 3,000 ఖర్చు. మిగిలినది పనివాని కూలియు లాభమును. ఆరు నెలలకు నెలకు 2,000 చొప్పున పంచుట చూచుటకు చక్కగానున్నది. కాని మొదటి నెల ముట్టినది 2,000, ఖర్చైనది 3,000. కొనువారు ఆ నెలతో మానుకొన్నచో పనివాడు తన చేతి సొమ్ము వేయిని, పడిన శ్రమను గూడ పోగొట్టుకొన్నవాడగును. కనుక మొదటి వాయిదా ఎన్నడును ముడిసరకు ఖర్చునకు తక్కువ కారాదు. కొంచెము ఎక్కువ యుండుట మేలు. 4,000 ముందుగా పుచ్చుకొని, తక్కిన 8,000 నెలకు 2,000 చొప్పున నాలుగు నెలలలో రాబట్టుట నడువదగిన మార్గము. కొనువారికి మొదటినెల బరువైనను, అయిదవ నెలకు పని ముగియును.

గడువు విషయములో మాకు గట్టి అభిప్రాయ మొకటి కలదు. ఆరు నెలలకు మించిన వాయిదాలు బొమ్మల బేరమునకు పనికిరావు. ఏడాది గడువులో ఇండ్లలో వివాహములు వచ్చును, జబ్బులు వచ్చును, ఉద్యోగములు మారును. బొమ్మపై మొదటనున్న మోజు కూడ సన్నగిల్లును. నగల దుకాణములవారు పదునొకండు నెలలు కట్టించుకొని, పండ్రెండవ నెల వాయిదాను తామే వేయుదురు కదా, బొమ్మలకు అట్లేల చేయరాదని కొందరు అడుగవచ్చును. బంగారము కరిగించినను బంగారమే. నగల దుకాణమునకు ఆ సొమ్ముతో సరకు త్రిప్పుకొను శక్తి కలదు. ముగ్గురు మనుష్యులు పనిచేయు బొమ్మల కొట్టు ఎవరికిని వడ్డీ ఈయలేదు, ఈయరాదు.

పని నడచుచుండగా పైకము వచ్చుట ఒక తీరు; సిద్ధముగా నున్న బొమ్మను ఎత్తిపెట్టుట మరియొక తీరు. రెంటికిని చట్టములో తేడా ఉన్నది. దీనిని తెలిసికొన్నవారు తక్కువ. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము, ఫలానా అని గుర్తింపబడి అప్పగింతకు సిద్ధముగానున్న వస్తువును షరతు లేక అమ్మినపుడు, పైకము పిదప ఈయవలసియున్నను బేరము కుదిరిన క్షణముననే అది కొనువారిదగును. వేరు ఉద్దేశము కనబడినప్పుడు మాత్రమే ఈ నియమము వర్తింపదు. సొత్తు ఎవరిదో నష్టభయము కూడ సామాన్యముగా వారిదే. అనగా అలమరలో ఎత్తిపెట్టిన ఏనుగుబొమ్మకు మూడవ నెలలో చెదలు పట్టినను, కొట్టు అగ్నికి ఆహుతియైనను, అమ్మువాడు, "బొమ్మ మీదే, మిగిలిన పైకమీయుడు" అని వాదింపగలడు. తన అజాగ్రత్తచే పాడైనచో ఆ వాదము నిలువదు గాని, తగవు మాత్రము తప్పదు. అందుచేత చీటీపై మొదటి పంక్తి ఇట్లుండుట మంచిది: "పైకము పూర్తిగా ముట్టు వరకు బొమ్మ అమ్మువారిది, అంతవరకు కలిగిన నష్టము అమ్మువారిదే." ఈ వాక్యము పనివానికి భారముగా తోచవచ్చును. కాని నెలనెలా సొమ్ము పంపుచు బొమ్మను కంటితోనైన చూడని కొనుగోలుదారునకు ఇంతకంటె ధైర్యమిచ్చు మాట లేదు.

క్రొత్తగా చేయవలసిన బొమ్మల విషయము వేరు. చేయనిదే సొత్తు మారదు. చేసి, ఇది ఫలానావారిదని ఉభయులకును సమ్మతమగునట్లు ఏర్పరచినపుడే మారును. ఇట్టివానికి నెలల లెక్కకంటె మెట్ల లెక్క మేలని మాకు తోచుచున్నది. చెక్కడము ముగిసినపుడొకటి, సున్నపుపూత ఆరినపుడొకటి, రంగులు వేసినపుడొకటిగా వాయిదాలు ఏర్పరచి, ఒక్కొక్క మెట్టునకు ఛాయాచిత్రము తీసి పంపవలెను. సెల్‌ఫోను లేని కొట్టు నేడు అరుదు గనుక ఇది కష్టము కాదు. తెల్లని సున్నపుపూతతో, ఇంకను కన్నులు దిద్దని కృష్ణుని బొమ్మ చిత్రమును చూచిన ఇల్లాలు తరువాతి వాయిదాను ఆలస్యము చేయుట అరుదు.

మధ్యలో మానుకొన్నచో ఏమి చేయవలెను? స్నేహములు చెడునది ఇచ్చటనే. ముందుగా ఇచ్చు పైకము రెండు విధములు. మాట నిలుపుకొందునని పూచీగా ఇచ్చునది బయానా, పాతకాలపువారు సంచకారమనిరి. వెలలో భాగముగా ఇచ్చునది రెండవది. అమ్మువాడు బయానాను పోగొట్టు హక్కు కలవాడే గాని, వెలలో భాగముగా పుచ్చుకొన్న దానిని అట్లు మింగుటకు వీలులేదని 2012లో సుప్రీంకోర్టువారు స్థిరాస్తి విక్రయమునకు సంబంధించిన ఒక వ్యాజ్యములో స్పష్టపరచిరి. మరియు 1872 నాటి ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము, మాట తప్పినవారు ఇంత చెల్లింపవలెనని కాగితముపై ఎంత పెద్ద మొత్తము వ్రాసికొన్నను, ఆ మొత్తమునకు మించకుండ న్యాయమైన పరిహారము మాత్రమే రాబట్టవచ్చును. కనుక "మానుకొన్నచో కట్టినదంతయు పోవును" అని చీటీలో అచ్చువేయించుట భయపెట్టుటకు పనికివచ్చునేమో గాని న్యాయస్థానమున నిలుచుట కష్టము. న్యాయస్థానము మాట అటుంచినను అది ధర్మముగా లేదు.

పైని చెప్పిన లెక్కలోనే చూతము. కొనువారు 4,000, ఆపై 2,000 కట్టి మానుకొనిరి. జట్టు పూర్తియైనది. దానిని పండుగకు ముందు వేరొకరికి 11,000కు అమ్మగలిగినచో నష్టము 1,000. ఆ వేయిని, అయిన చిల్లర ఖర్చులను మినహాయించుకొని తక్కిన అయిదువేలకు లోపు మొత్తమును తిరిగి ఈయవలెను. తిరిగి ఇచ్చుట రెండవ అమ్మకము జరిగిన పిదప అని చీటీలో ముందే వ్రాసికొనుట అవసరము. లేనిచో కఱ్ఱ కొన్న సొమ్మును పనివాడు ఎచ్చటినుండి తెచ్చి ఇచ్చును? ఎవరి తాతగారి పోలికతోనో, ఎవరి ఇంటి పెండ్లిపల్లకి తీరుననో చేసిన బొమ్మను మాత్రము మరియొకరు కొనరు. అట్టివానికి ఆరంభముననే సగము పైకము తీసికొనుట అన్యాయము కాదు. మొగమాటముచే మానుట తెలివి కాదు.

బొమ్మను ముందే ఇచ్చివేసి పైకమును వాయిదాలపై రాబట్టుట చిన్నపనివారికి మేము సలహా ఈయము. "అరువు సొమ్ము బరువు చేటు" అన్న సామెతను కొనువారికి చెప్పుదురు గాని, అరువిచ్చువానికే అది ఎక్కువగా వర్తించును. చట్టప్రకారము అప్పగించిన సరకు వెలకై మూడు సంవత్సరములలోగా దావా వేయవచ్చును. రెండువేల బాకీకి దావా వేసి, పనిమాని కోర్టు చుట్టును తిరుగువాడెవ్వడు? చిరకాల పరిచితులకు, పొరుగువారికి ఇచ్చిన ఇయ్యవచ్చును. దానిని వ్యాపారపద్ధతి అనరాదు.

బ్యాంకు కార్డులపై "వడ్డీలేని వాయిదాలు" అను ప్రకటనలను చూచి, అదియే సుఖమని భ్రమపడువారు కలరు. వడ్డీ లేనిది అను మాటయే లేదని, అది వేరొక పేర వసూలగుచుండునని రిజర్వుబ్యాంకువారు 2013 సెప్టెంబరులో బ్యాంకులను హెచ్చరించిరి. ఆ వడ్డీని కొనువారో అమ్మువారో ఎవరో ఒకరు మోయవలసినదే. బొమ్మల పనివాడు తానే వాయిదాలు ఏర్పరచినపుడు నడుమ మరియొకరు లేరు. 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిచే పల్లెలోని కొట్టుకు కూడ వాయిదా క్షణములో చేరుచున్నది, తారీఖుతో సహా గుర్తు నిలుచుచున్నది. అయినను చీటీ చీటీయే. ఫోనులోని అంకెలతో పాటు, ముట్టిన ప్రతిసారియు చీటీపై తారీఖు, మొత్తము, మిగిలిన బాకీ వ్రాసి, దాని చిత్రమును కొనువారికి పంపుట తగవులను మొలకలోనే త్రుంచును.

వచ్చిన సొమ్మును ఇంటిఖర్చులో కలుపుట గొప్ప ప్రమాదము. ముగ్గురివద్ద ముందుపైకము తీసికొని, మొదటివారి సొమ్ము అద్దెకును, రెండవవారి సొమ్ము మొదటివారి కఱ్ఱకును పెట్టుచు పోయినవాడు, మూడవవారి గడువునాటికి బొమ్మ లేక, సొమ్ము లేక నిలువవలసివచ్చును. ఇతరదేశములలో పేరుగన్న బొమ్మల పనివారు కొందరు అపకీర్తి పాలగుట ఈ మార్గముననే జరిగినది. మోసగింపవలెనను తలంపు వారిలో అందరికిని ఉండియుండదు. వాయిదాల సొమ్ముకు వేరు ఖాతా, ఏకకాలమున ఇన్ని జట్లకు మించి ఒప్పుకొనమను పరిమితి, ఈ రెండును లేనివాడు ఈ పద్ధతి జోలికి పోరాదు.

జట్టులోని బొమ్మలను ఒక్కొక్కటిగా చేసి, ఒక్కొక్కదాని వెల ముట్టగానే పంపుట కొలువు ఆచారమునకు దగ్గరగా నుండును, కొనువారికిని నచ్చును. చిక్కు రంగులలో వచ్చును. జనవరిలో కలిపిన పసుపుపచ్చకును జూలైలో కలిపినదానికిని తేడా పడును. మత్స్యావతారపు కిరీటము ఒక వన్నెగ, వామనుని గొడుగు మరియొక వన్నెగ నుండుట వరుసగా నిలిపినప్పుడే కనబడును. మొత్తము జట్టునకు చెక్కడమును, పూతను ఒకేసారి ముగించి, రంగులను ఒకే కలుపుతో వేసి, అప్పగింతను మాత్రము వాయిదాలపై చేయుట దీనికి విరుగుడు. లేదా ప్రతి రంగును చెక్కముక్కపై పూసి, నమూనాగా దాచుకొనవలెను. ఏటికొప్పాక వంటి చోట్ల లక్కతో, చెట్టుచేమల రంగులతో చేయు బొమ్మలకు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరము. ప్రకృతిసిద్ధమైన రంగు ఏటికేడు ఒకే తీరున రాదు.

విదేశములలోని తెలుగువారు ఇపుడు నేరుగ పనివారినుండియే బొమ్మలు తెప్పించుకొనుచున్నారు. వారికి వాయిదాలు చెప్పునపుడు బొమ్మ వెలను, రవాణాను వేర్వేరుగా వ్రాయవలెను. అయిదు నెలల తరువాత పంపబోవు పొట్లమునకు నేటి తపాలా వెల కట్టుట జూదము వంటిది. చివరి వాయిదానాడు ఉన్న వెలనే చేర్చవలెను. దిగుమతి సుంకము ఎవరిదో కూడ తేల్చవలెను. అమెరికాలో 800 డాలర్లలోపు పొట్లములకు చిరకాలముగా నుండిన సుంకపు మినహాయింపును 2025 ఆగస్టు 29 నుండి తొలగించినపుడు, అంతకుముందే బేరము కుదుర్చుకొన్నవారికి ఈ ప్రశ్న ఎదురైనది. చీటీలో సుంకము కొనువారిదని ఉన్నచోట మాటయే లేదు. లేనిచోట ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి.

సంక్రాంతి కొలువునకు కావలసిన జట్టును శ్రావణములో కుదుర్చుకొనుట మంచిది. చెక్కడము వానలలోను, రంగుల పని కార్తికపు ఎండలోను సాగును. చివరి వాయిదా ధనుర్మాసము ప్రవేశించులోగా ముట్టవలెను. అటుపిమ్మట రవాణాశాలలు పండుగ సరకుతో క్రిక్కిరిసి, పెట్టెలు నలుగును. పైకము పూర్తిగా ముట్టినదని వ్రాసిన చీటీతో పాటు, ఆ జట్టుకు వాడిన రంగులను చిన్న సీసాలలో కొంచెము కొంచెము పోసి పెట్టెలో ఉంచుడు. తరువాత ఎప్పుడైన వామనుని గొడుగు అంచు రాలినచో ఇంటివారే దిద్దుకొందురు.